హాల్ టికెట్‌లో మొగుడు

హాల్ టికెట్ మీద ‘టి. మారీశ్వరి’ అని చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. టి అంటే తంగపాండి, నా మాజీ మొగుడు. మా తమిళనాడులో ఇనిషియల్ అంటే ఇంటిపేరు కాదు, పెళ్లయ్యేదాకా నాన్న పేరులో మొదటి అక్షరం, పెళ్లయ్యాక మొగుడిది. విడాకులై ఏడాది దాటింది. ఆధార్‌లో మా నాన్న మునియసామి పేరులోని ‘ఎం’ మళ్లీ తెచ్చుకోవడానికి చెప్పులరిగేలా తిరిగితే పోయిన నెలకి వచ్చింది. ఇప్పుడు చూస్తే వీడు ఇక్కడ కూర్చున్నాడు.

ఆధార్‌లో, హాల్ టికెట్‌లో పేరు ఒకేలా లేకపోతే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష పదకొండున్నరకి. అప్పటికి టైము పది. పాసైతే ఒకటో తారీఖు నుంచి ఇక్కడ విరుదునగర్‌లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. లేదంటే మళ్లీ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలకు లేబుళ్లు అంటించుకోవడమే.

ఎనిమిది నెలలుగా రోజూ సాత్తూరు మీదుగా బస్సులో నిలబడి ఈ కంప్యూటర్ సెంటర్‌కి వచ్చి, జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. అందులో క్లాసు అంటే ఒక రకానికి అచ్చు లాంటిది: కుక్క ఒక క్లాసు, పిల్లి ఒక క్లాసు, రెండూ జంతువు అనే క్లాసుకి పిల్లలు. ఈ కుక్కలతో, పిల్లులతో ఉద్యోగంలో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మాకు పాఠం చెప్పే గోకులకృష్ణన్‌ది నరికుడి పక్క ఊరు. నాకన్నా పదేళ్లు చిన్న. నలుగురిలో అరవం మాట్లాడతాడు, నాతో ఒక్కడే ఉంటే తెలుగు. హాల్ టికెట్లు ఇచ్చే ప్రోగ్రాం కూడా అతను రాసిందే. టికెట్ తీసుకెళ్లి అతని ముందు పెట్టాను.

“అది మార్చేదానికి కాదు అక్కా. చేరేటప్పుడు ఏమి ఇస్తిరో అదే. ఇనిషియల్‌ని ఫైనల్ అని పెట్టిండాను.”

ఫైనల్ అని రాస్తే, ఒకసారి పెట్టింది ఇక మారదు. ఆ సంగతి నాకు నేర్పింది అతనే.

“ఏల అట్ల పెడితివి తంబీ?”

“మనిషికి ఇనిషియల్ ఎక్కడన్నా మారునా అక్కా?”

“మగోళ్లకు మారదు. నాకు రెండు తూర్లు మారింది.”

అతను తల గోక్కున్నాడు. “కొత్త మనిషిగా చేర్చనా? అయితే అటెండెన్సు సున్నా అయిపోతాది.”

అటెండెన్సు ఎనభై శాతం లేకపోతే పరీక్షే లేదు. ఎనిమిది నెలల తిరుగుడంతా వృథా. ఏడుపొచ్చింది. ఏడిస్తే టైము పోతుందని మానేశాను.

“లెయ్యి” అని అతని కుర్చీలో కూర్చున్నాను. స్టూడెంట్ క్లాసు తెరిచి, ఫైనల్ అన్న మాట తీసేశాను. ఇనిషియల్ మార్చే చిన్న మెథడ్ ఒకటి రాశాను. మొదటిసారి సెమికోలన్ మరిచిపోయి ఎర్రగీతలు తెప్పించుకున్నాను. రెండోసారి నడిచింది. ‘ఎం’ అని కొడితే మారు మాట్లాడకుండా తీసుకుంది. కుక్క, పిల్లి లేకుండా నేను రాసిన మొదటి కోడ్ అదే.

ప్రింటర్ కాగితం కక్కింది. ‘ఎం. మారీశ్వరి’. దాని కిందే, ‘భర్త పేరు: తంగపాండి’.

“ఇదీ ఫైనలేనా?”

“అవునక్కా. ఖాళీగా విడిస్తే ప్రోగ్రాం ఒప్పుకోదు.”

గడియారం చూశాను. పదీ నలభై. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

“పోయి టీ తాగి రా తంబీ. వీణ్ని తీసేదానికి కొంచెం సేపు పడతాది.”