లోపలి పొర

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. కాలవ అవతల కొబ్బరితోట మీద బూడిదరంగు మబ్బు కదలకుండా నిలబడి ఉంది. బట్టలు ఆరతాయో లేదోనని సంపూర్ణమ్మ ఒకసారి పైకి చూసి, వసారాలో చాప పరిచి, బొంత ముందేసుకుని కూర్చుంది. అంచు ఒక్కటే మిగిలింది.

ఆడపడుచు రూతమ్మ మూడో పురిటికి పుట్టింటికొచ్చింది. పుట్టే బిడ్డకి బొంత కావాలి. పదమూడేళ్ళుగా ఈ ఇంట్లో బొంతలు కుట్టేది సంపూర్ణమ్మే. అత్త ఏసమ్మ మంచం మీద బొంత, భర్త సామ్యేలు మాస్టారి బొంత, రూతమ్మ పిల్లల బొంతలు, బోర్డింగులో చదువుకుంటున్న తన ఆడపిల్లలిద్దరి బొంతలు, అన్నీ ఆ చేతివే. తను మాత్రం ఉత్త చాప మీద పడుకుంటుంది. కుట్టుకోవద్దని ఎవరూ అనలేదు. కుట్టుకోమనీ అనలేదు.

బొంతకి పైనా కిందా కంటికి కనబడే గుడ్డ వేస్తారు. మధ్యలో మందం కోసం వేరే పాతగుడ్డ పరుస్తారు. ఏ చీర పైకి రావాలో, ఏది లోపలికి పోవాలో ఏసమ్మ చెబుతుంది. కాపరానికొచ్చిన మొదటి ఏడే చెప్పేసింది. "మీ అమ్మ పంపిన చీరలు లోపలెయ్యమ్మాయ్. మనింటి చీరలు పైనెయ్యి. నలుగురూ వచ్చిపోయే ఇల్లు, చూసినోళ్ళకి మన గుడ్డ కనపడాలి." అలా ద్రాక్షారామం దగ్గరి పుట్టింటి నుంచి వచ్చిన ప్రతి పాత చీరా ఈ ఇంట్లో ఎవరో ఒకరి వీపు కింద, ఎవరి కంటా పడకుండా నలిగిపోయింది. సంపూర్ణమ్మకి అది తప్పని తోచలేదు. ఒప్పనీ తోచలేదు. ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో తెలిసినట్టు అదీ తెలుసు, అంతే.

వేసవిలో తల్లి పోయింది. తను వెళ్ళేసరికి మట్టి వేసేశారు. శవపెట్టె ఎవరు మోశారో, ఏ కీర్తన పాడారో తమ్ముడు చెబుతుంటే, సంతలో ధరలు విన్నట్టు విని తల ఊపింది. తల్లివి మూడు చీరలు చంకలో పెట్టుకుని వచ్చేసింది. "కన్నతల్లి పోతే కంట్లో చెమ్మ లేదు. మనిషా ఇది, రాయా?" అని ఏసమ్మ అరుగు మీద కూర్చుని వీధంతా వినపడేలా అంది. నిజమేననుకుంది సంపూర్ణమ్మ. ఆ పూట కూడా పప్పులో ఉప్పు సరిగ్గానే పడింది మరి.

పది రోజుల కిందట ఏసమ్మే ఆ చీరలు బయటికి తీయించింది. "బాగా మెత్తబడ్డాయి. లోపలి పొరకెయ్యి, చంటిది తడిపినా పీల్చుకుంటాయి" అంది. సంపూర్ణమ్మ అలాగేనండి అంది. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే చీరలు పరిచి కత్తెర పట్టుకుంది. పరవడానికి కత్తెరెందుకో చేతికే తెలియాలి. జానెడు ముక్కలు కోసింది. ముక్కని మూలగా చీల్చి, ముదురురంగు పక్కన లేతరంగు వేసి గడి కట్టింది. నాలుగు గళ్ళు కలిపితే రాట్నం తిరుగుతున్నట్టుంటుంది. తల్లి అలాగే కుట్టేది. ఒక్క ముక్క తిరగబడినా రాట్నం ఆగిపోద్దని విప్పించి మళ్ళీ కుట్టించేది. తొంభై ఆరు గళ్ళయ్యాయి. పై పొరకని అత్త ఇచ్చిన చీరలు మధ్యలో పరిచి, పైనా కిందా ఆ గళ్ళు వేసి, రోజూ అత్త కునుకు తీసే వేళే కుట్టుకుంటూ పోయింది.

ఈ రోజు అంచు పూర్తయి దారం తెంపుతుండగా ఏసమ్మ లేచొచ్చింది.

"ఏంటే ఇది? నా చీరలేయి?"

"లోపలున్నాయండి, అత్తయ్యగారూ."

"లోపలా! మా అబ్బాయి మొదటి జీతంతో కొన్న గళ్ళచీరే అది. దాన్ని పొట్టలో కూరేవా?"

గుమ్మానికి ఆనుకుని కూర్చున్న రూతమ్మ నవ్వింది. "పోనీలేమ్మా. పైనేసినా లోపలేసినా దాని మీద పోసేది ఉచ్చే కదా. బావుంది వదినా, భలే కలిపేవు."

"నువ్వూరుకో. విప్పి తిరగెయ్యవే సంపూర్ణం."

"విప్పనండి. ఇది బిడ్డకి కాదు, నాకు. బిడ్డకి రేపు వేరేది మొదలెడతాను."

అప్పుడే భోజనానికి బడి నుంచి వచ్చిన మాస్టారు గొడుగు గోడకి ఆనించారు. ఆయనెప్పుడూ గొంతు పెంచరు. "అమ్మ చెప్పినట్టు చేస్తే నీకేం పోయింది, సంపూర్ణా? గుడ్డముక్కల కోసం పెద్దావిడతో పంతమేంటి?"

సంపూర్ణమ్మ సూదిని దారపుండకి గుచ్చింది.

"టెలిగ్రాం పదింటికి వచ్చిందండి. మీరు నాకు మూడింటికి చెప్పారు."

వేసవిలో ఆ టెలిగ్రాం వచ్చిన రోజు పాస్టరుగారూ సంఘపెద్దలూ ఇంట్లో భోజనానికున్నారు. వాళ్ళు తిని, చేతులు తుడుచుకుని, ఇంటిని దీవించి వెళ్ళాక మాస్టారు మెల్లగా చెప్పారు, మీ అమ్మకి బాగోలేదట అని. రెండు రేవులు దాటాలి. రెండో రేవులో ఆఖరి పంటు పడవ అప్పటికే వెళ్ళిపోయింది, మర్నాడు గానీ దాటలేకపోయింది. నాలుగు రోజుల తర్వాత ఉతకడానికి తీసిన చొక్కా జేబులో ఆ కాగితం దొరికింది. పోయిందనే ఉంది అందులో. వచ్చిన వేళ కూడా రాసుంది. చదివి, మడిచి, చొక్కా సబ్బు నీళ్ళలో ముంచింది.

మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఏసమ్మే అంది, "అప్పుడే చెబితే పదకొండు మందికి వడ్డించేదెవరే?"

ఆ మాట బయటికొచ్చాక ఆవిడకే వినపడినట్టుంది. రూతమ్మ తల్లి మొహంలోకి చూసి, చూపు తిప్పేసుకుంది.

సంపూర్ణమ్మ బొంత మడిచి లోపలికి తీసుకెళ్ళి తన చాప మీద పెట్టింది. వంటింట్లోంచి అన్నం గిన్నె, చేపల పులుసు, మజ్జిగ తెచ్చి మధ్యలో ఉంచింది. నాలుగు కంచాలు పెట్టింది. రోజూ అందరూ తిన్నాక వంటింట్లో తినే మనిషి, నాలుగో దాని ముందు తనే కూర్చుంది.

భోజనం ముందు ప్రార్థన మాస్టారు చేస్తారు. కళ్ళు మూసుకుని, ప్రార్థన మొదలెట్టకుండానే తెరిచారు. ఆయనే గరిట అందుకుని తల్లికి వడ్డించారు, చెల్లెలికి వడ్డించారు, గరిట పట్టుకుని ఒక్క క్షణం ఆగి, నాలుగో కంచంలోనూ వడ్డించారు. సంపూర్ణమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అన్నం ఇంకా వేడిగా ఉంది.