ఆదివారం పొద్దున బక్‌పియా క్యూలో

బియ్యం కడుగుతుంటే గట్టు మీద ఫోన్ మోగింది. లారస్ తడి చేతులు నైటీకి తుడుచుకుని చూసింది. ఇంటి గ్రూపులో భర్త సిగిత్ ఆఫీసు నుంచి రాశాడు. "జోగ్జా ట్రిప్పు ప్లాన్ అదిరింది. ఎంత ఓపికే నీకు! టిఫిన్ ఎలాగూ హోటల్ వాళ్లే పెడతారు కాబట్టి నీకూ సెలవే."

నీకూ సెలవే. ఆ మాట చదివి నవ్వుకోవాలో ఏం చేయాలో ఆమెకి తెలియలేదు. సురబాయా నుంచి రైలు ఎన్నింటికో, అత్తగారి మోకాళ్లకి మెట్లు లేని హోటల్ ఏదో, కూతురు సెకార్‌కి కారం లేని అన్నం ఎక్కడ దొరుకుతుందో, అన్నీ ఆమే వెతికింది. బడిలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యమధ్యలో వెతికింది. ప్రంబానన్ గుడులు ఎండ ముదరకముందే చూడాలి. మాలియోబోరో వీధిలో షాపింగ్ సాయంత్రం పెట్టాలి. పైన్ చెట్ల అడవికి కారు ముందే మాట్లాడాలి. బడిలో టీచర్ల విహారయాత్ర కూడా ఏటా ఆమె నెత్తినే పడుతుంది. "మీరైతే చక్కగా చేస్తారమ్మా" అంటారు హెడ్‌మాస్టరు. అలా అన్నాక కాదనడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు.

ఈ ప్లానంతటిలో ఆమె తనకోసం అడిగింది ఒక్కటే. ఆదివారం పొద్దున రాజభవనంలో నాట్యం.

ఆమె చదువుకుంది జోగ్జాలోనే. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. రాజభవనం గోడ పక్క సందులో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ చదివింది. ఆదివారాలు గోడ అవతల నుంచి నాట్యానికి వాయించే గమెలాన్ మోగేది. ఆ గంటల చప్పుడు వింటూ ఎవరివో చొక్కాలు మడతపెట్టేది. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. ఒక్కసారి చూడాలనుందని ఫోన్‌లో చెబితే అమ్మ, "నిన్ను పంపింది చదవడానికే తల్లీ, చూడ్డానికి కాదు" అంది. అమ్మ కోపంగా అనలేదు. అందుకే కాబోలు, ఆ మాట ఇన్నేళ్లయినా పోలేదు.

సిగిత్‌కి చెప్పినప్పుడు అతనూ కోప్పడలేదు. పెద్దగా నవ్వాడు. "అంతసేపు కూర్చుని వాళ్లు వేళ్లు తిప్పడం చూడాలా? సెకార్ ఒళ్లో నిద్రపోతుంది, నేను కుర్చీలో నిద్రపోతాను. జూకి వెళ్దాం, అందరికీ బాగుంటుంది." అందరిలో తనూ ఉన్నట్టే తలూపింది లారస్.

తర్వాత ఒక అబద్ధం ఆడింది. ఆదివారం మీరంతా జూకి వెళ్లండి, నేను బక్‌పియా క్యూలో నిలబడతాను అంది. ఊరెళ్లినవాళ్లు ఇరుగుపొరుగుకి తినుబండారాలు తేకపోతే వీధిలో మొహం చూపించలేరు. జోగ్జా వెళ్లి పెసరపప్పు పూర్ణం పెట్టిన బక్‌పియా పెట్టెలు లేకుండా తిరిగి రావడం ఎవరూ ఊహించలేరు. అందుకే ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. పైగా సిగిత్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు.

"అమ్మాయ్" అని పిలిచింది అత్తగారు. ఆవిడని ఇంట్లో అందరూ ఇబు, అంటే అమ్మ, అని పిలుస్తారు. బల్ల దగ్గర కూర్చుని తూటికూర తుంచుతోంది. "ఆదివారం నేనూ నీతో వస్తా. ఆ పెట్టెలన్నీ ఒక్కదానివే ఎలా మోస్తావు? మడత స్టూలు తెచ్చుకుంటాలే, క్యూలో కూర్చుంటా."

"మీ మోకాళ్లు, ఇబూ..."

"మోకాళ్లకేం, ఎక్కడున్నా నొప్పే. నువ్వు మా అందరి కోసం నిలబడితే నేను కోతుల్ని చూస్తూ కూర్చోనా?"

తిట్టి ఉంటే బాగుండేది. లారస్ కుళాయి కట్టేసింది. ఆ స్టూలు సంచిలో పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు వేసుకుని బయల్దేరే ముసలావిడ కళ్ల ముందు మెదిలింది.

"నేను బక్‌పియాకి వెళ్లడం లేదు ఇబూ. ఫోన్‌లో చెబితే హోటల్‌కే తెచ్చిస్తారు. నేను నాట్యం చూడ్డానికి వెళ్తున్నాను."

ఇబు చేతులు ఆగలేదు. కాడలు ఒక పక్కకి, ఆకులు ఒక పక్కకి పడుతున్నాయి.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆవిడ మిగిలిన కాడలు కూడా తుంచేసింది. తర్వాత కూర గిన్నెలోకే చూస్తూ అంది. "ఏదో ఒకటి కొనుక్కొస్తానని చెప్పకుండా నేనెప్పుడూ ఈ గడప దాటలేదు."

అది దెప్పడమో, మరేమిటో లారస్‌కి అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

"వాడికి నువ్వే చెప్పు" అంది ఇబు, గిన్నె అందిస్తూ. "అడిగితే నా చేత అబద్ధం చెప్పించకు."

లారస్ ఫోన్ తీసుకుంది. క్షమించండి అని మొదలుపెట్టి చెరిపేసింది. మీకు అభ్యంతరం లేకపోతే అని రాసి అదీ చెరిపేసింది. చివరికి ఇలా పంపింది: "ఆదివారం పొద్దున నేను రాజభవనంలో నాట్యానికి వెళ్తున్నాను. ఒక్కదాన్నే. బక్‌పియా హోటల్‌కి వస్తుంది."

జవాబు వెంటనే వచ్చింది. "మరి జూలో సెకార్‌ని, అమ్మని ఎవరు చూసుకుంటారు?"

కూతురు ఎండలో దాహమని ఏడుస్తున్నట్టు, ఇబు మెట్ల దగ్గర ఆగిపోయినట్టు, తన కన్నతల్లి తల అటు తిప్పుకున్నట్టు, అన్నీ ఒక్కసారే కనిపించాయి. పోనీలే, మానేస్తానులే అన్న మాట వేళ్ల చివరిదాకా వచ్చింది.

"మీరు" అని రాసి పంపింది.

ఫోన్ మళ్లీ మోగింది. అప్పటికే లారస్ రెండు చేతులూ మణికట్ల దాకా బియ్యం నీళ్లలో ముంచేసింది. పంపినదాన్ని తడి చేతులతో ఇక చెరిపేయడం కుదరదు కదా. బియ్యం ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా కడుగుతూనే ఉంది.