షావుకారి ధర్మం

గున్నయ్య కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడని కబురొచ్చేసరికి అతని పెళ్ళాం పెద్దతల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పుకి పొర తీస్తోంది. పడక ఏం చేస్తాడు! ఉద్దానంలో ఉన్న చెట్లన్నీ తన తాత నాటినట్టే ఎక్కేవాడు. "వానకి మాను జారతాది, రెండ్రోజులు ఆగరాదా" అని పెళ్ళాం అంటే వినేవాడా? "నాను ఎక్కకపోతే కాయలు ఆటంతట అవే దిగుతాయేటి?" అని నవ్వేవాడు. ఆ రోజు కాయలతోపాటు తనూ దిగాడు.

టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. కడుపులో రక్తం కారుతోంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, ముందు డబ్బు కట్టండి అన్నారు అక్కడ. ఆ మాట చెప్పిన మనిషి చెడ్డవాడేం కాదు, మెత్తగానే చెప్పాడట. మెత్తగా చెప్పినా గట్టిగా చెప్పినా లేని డబ్బు లేనిదే కదా. పేదవాళ్ళ ఆపరేషన్లకి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం రావడానికి ఇంకా కొన్నేళ్ళుంది. ఫ్యాక్టరీలో పీట మీద ఉండగానే ఆ కబురూ విన్న పెద్దతల్లి చెవులకున్న దుద్దులు తడుముకుంది. అవి ఆపరేషన్‌కి కాదు కదా, దూదికి కూడా చాలవని ఆవిడకి తెలుసు.

పరుగెత్తుకుంటూ షావుకారి గదిలోకి వెళ్ళి పడింది. ఆ జీడిపప్పు ఫ్యాక్టరీ సన్యాసిరావుది. ఆయన అప్పుడు ఇడ్లీ తింటున్నాడు. ఎంగిలిచెయ్యి కడుక్కోకుండానే, ఎడంచేత్తో ఫోను తిప్పాడు. "డాక్టరు గారూ, డబ్బు సంగతి నేను చూసుకుంటాను, మీరు మొదలుపెట్టండి" అన్నాడు. అంతే. గున్నయ్య బతికాడు.

పెద్దతల్లి ఆయన కాళ్ళకి కళ్ళద్దుకుంది. "లే, లే. నువ్వు తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇది ధర్మం" అన్నాడు సన్యాసిరావు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. అది నటన కాదు, నిజమే. ఆ మనిషి మనసు మంచిది, చెప్పుకోవాలి.

అసలు ఆ ఫ్యాక్టరీలో పొర తీసే ఆడవాళ్ళకి ఆసుపత్రి కార్డులు ఉండాల్సినవి. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి అలాంటి కార్డు ఒకటుంటుంది, దెబ్బ తగిలినా జబ్బు చేసినా, ఇంట్లోవాళ్ళకైనా, దాంతో వైద్యం జరిగిపోతుంది. కాకపోతే దానికి షావుకారు నెలనెలా తన వాటా కట్టాలి. అందుకని తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడంటే చాలు, మేస్త్రి అప్పన్న, లెక్కకి తక్కువమంది కనబడేలా, సగంమంది ఆడవాళ్ళని వెనక గేటులోంచి జీడితోటలోకి పంపేసేవాడు. వాళ్ళకది పండగ. చెట్ల కింద కాళ్ళు చాపుకుని, చింతకాయ ఉప్పులో అద్దుకుని తింటూ ఊళ్ళోవాళ్ళ గుట్లన్నీ విప్పుకునేవారు. "ఆపీసరు నెలకోసారి ఒత్తే బాగున్ను" అని కోరుకునేవాళ్ళు. ఆ తోటలో తాము పోగొట్టుకుంటున్నదేమిటో వాళ్ళకెవరు చెప్పారు గనక!

గున్నయ్య ఇంటికి వచ్చాక పీలింగు షెడ్డులో అందరూ చందాలేసుకుని షావుకారికి శాలువా కప్పారు. బంతిపూల దండ వేశారు. అందరికంటే ముందు చందా ఇచ్చినది జానకి. జానకిదీ పెద్దతల్లిదీ ఒకటే ఊరు, వరసకి వదిన, పక్కపక్క పీటలు. నోరు కొడవలి, మనసు వెన్న. "మా గున్నయ్యకి పేనం పోసినాడు, శాలువా ఏటి, కిరీటమైనా ఎట్టొచ్చు" అంది.

ఆ శనివారం కూలీ ఇచ్చేటప్పుడు అప్పన్న గొంతు సవరించుకున్నాడు. "మార్కెట్టు బాగోనేదు. కిలోకి పావలా తగ్గించమన్నారు అయ్యగారు."

"మార్కెట్టు నిన్నటిదాకా బాగానే ఉన్నాది గదా, రాత్రికి రాత్రి జెరమొచ్చిందేటి దానికి?" అంది జానకి.

అప్పన్నకి చిర్రెత్తుకొచ్చింది. "గున్నయ్యకి అంతంత ఎట్టినారు, ఆ డబ్బు ఎక్కడినుంచి ఒత్తాదనుకున్నారు? ఆకాశంలోంచి రాలతాదేటి?" అనేశాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు గానీ ఏం లాభం? షెడ్డులో ఉన్న అందరి కళ్ళూ పెద్దతల్లి మీదకి తిరిగాయి. ఆవిడకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పావలానే కదా అనుకుంటారు జీడిపప్పు తినేవాళ్ళు. గోళ్ళు అరిగేలా తీస్తే రోజు మొత్తానికి వచ్చేదే కొంచెం, అందులో పప్పు విరిగితే ఒక కోత, తూకంలో తేడా వస్తే ఇంకో కోత. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగ ఈ పావలా. పైగా మార్కెట్టు బాగుపడ్డాక కూడా ఆ పావలా తిరిగి రాలేదు. కొన్నాళ్ళకి, అదే షెడ్డులో పొర తీసే చిన్నమ్మి అత్తని పాము కరిచింది. షావుకారు మళ్ళీ ఫోను తిప్పాడు, ముసిల్ది బతికింది. ఆ తర్వాత శనివారం ఇంకో పావలా పోయింది.

"అత్త సొమ్ము అల్లుడు దానం సేసినట్టు ఉన్నాది" అంది జానకి. అందరూ నవ్వారు, చిన్నమ్మి కూడా. పెద్దతల్లి మాత్రం నవ్వలేకపోయింది.

పరాచికాలు రోజూ ఉండేవి. "ఒలే పెద్దతల్లీ, మీ ఆయన కడుపు మీద కుట్టు ఎంత పొడుగే? మా పావలాలన్నీ అందులోనే కుట్టేసినారట!" అని ఒకత్తె అంటే, "జాగర్తగా సూసుకోయే, మా అందరి మొగుడాడు" అని ఇంకొకత్తె. కోపంతో అనేవాళ్ళు కాదు, అయినా ముల్లు ముల్లే. ఇదివరకు మాటకి మాట అప్పజెప్పే పెద్దతల్లి ఇప్పుడు తల దించుకుని పొర తీసేది. ఇంటికి వెళితే గున్నయ్య మంచం మీంచి, "సావుకారి పేరు సెప్పుకుని దీపం ఎట్టినావా?" అని అడిగేవాడు. ఇక ఎప్పటికీ చెట్టెక్కలేని మనిషి. వాడికేం చెబుతుంది? "ఎట్టినాను" అనేది.

చివరికి జానకి అందర్నీ కూడగట్టింది. "అడగందే అమ్మైనా ఎట్టదు, పదండి" అని షావుకారి గదికి తీసుకెళ్ళింది. పెద్దతల్లి రానంది. "నీకోసం పోయిన పావలాయే గదా, నువ్వు రాకపోతే ఎలగ?" అని రెక్క పట్టి లాక్కెళ్ళింది.

సన్యాసిరావు అంతా విన్నాడు. కోప్పడలేదు. చిన్నబుచ్చుకున్నాడు, అది కోపం కంటే కష్టంగా ఉంటుంది. "అమ్మా, మీకు ఆపద వస్తే ఎవరు ఆదుకుంటున్నారు? ప్రభుత్వమా? మీ చుట్టాలా? పెద్దతల్లీ, నువ్వు చెప్పు. నీ మాట మీదే ఉంటాను" అన్నాడు.

పెద్దతల్లికి మంచం మీది గున్నయ్య కళ్ళముందు మెదిలాడు. "మీరే బావూ" అంది. ఇక మాట్లాడేదేముంది? అందరూ వెనక్కి తిరిగారు. ఆ రోజు నుంచి జానకి పీట ఎత్తి అవతలి వరసలో వేసుకుంది. ఏళ్ళ తరబడి ఒకే క్యారేజీలో తిన్న మనుషులు, ఎదురుపడినా పలకరింపు లేదు. పావలా పోయినందుకు కన్నా దానికే పెద్దతల్లి ఎక్కువ ఏడ్చింది.

ఇలా ఉండగా జానకి కూతురు కళ్యాణి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఇంకా నెలలు నిండలేదు. ఒక రోజు పదకొండు గంటలవేళ జానకి మరిది చిట్టిబాబు షెడ్డులోకి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "వదినా, బేగి రా. మన కళ్యాణి గుంటకి మూర్ఛలొచ్చేసినాయి. కాశీబుగ్గ నర్సింగుహోముకి ఆటోలో తెచ్చినాం. పెద్దాపరేసనంట. డబ్బు కట్టమంతన్నారు" అన్నాడు.

జానకి లేచి నిలబడింది. నిలబడి, అక్కడే ఉండిపోయింది. చేతిలో పప్పు చేతిలోనే ఉంది. షావుకారి గది షెడ్డుకి ఎదురుగానే ఉంది, తలుపు తీసే ఉంది, లోపల ఫోను కనిపిస్తోంది. షెడ్డులో ఎవరికి వాళ్ళు పళ్ళేలలోకి చూసుకుంటున్నారు. ఏం ఆలోచిస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. ఇంకో పావలా.

"నానడగను" అంది జానకి. "ఏ మొకం ఎట్టుకుని అడగమంతారు? పెద్దతల్లిని అన్ని మాటలన్నాను. మీ అందరి కూడూ లాక్కుని నా కూతుర్ని బతికించుకోనా?" అని కూలబడిపోయింది.

"ఇంకో పావలా పోతే మనం ఉట్టినే పొర తీసినట్టే గదా" అని చిన్నమ్మి ఎవరితోనో గొణిగింది. అని, తన మాటకి తానే కొంగు నోట్లో కుక్కుకుంది. పాపం ఆవిడ మాత్రం లేనిదేం చెప్పింది?

పెద్దతల్లికి మొదట కలిగింది జాలి కాదు. ఉన్నది చెప్పుకోవాలి. 'అనుభవించు, ఇప్పుడు తెలిసిందా' అని లోపలెక్కడో ఒక చిన్న సంతోషం మెరిసింది. మెరిసిన మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్యాణి తన ఒళ్ళో ఆడుకున్న పిల్ల. ఆ అసహ్యంలోంచే ఇన్నాళ్ళూ తట్టని సంగతి ఒకటి తట్టింది. గున్నయ్యని బతికించింది ఎవరు? అదిగో, గోళ్ళు అరిగిపోయి తలలు దించుకుని కూర్చున్న వీళ్ళు. తను కళ్ళద్దుకోవాల్సిన కాళ్ళు ఇక్కడే పీటల మీద ముడుచుకుని ఉన్నాయి. అడక్కుండానే వీళ్ళ దగ్గర తీసుకున్నారు. అడిగుంటే ఇచ్చేవాళ్ళు కారా? తిట్టుకుంటూనైనా ఇచ్చేవాళ్ళు.

ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచింది. జానకి దగ్గరికి వెళ్ళి జబ్బ పట్టుకుంది. "లే వదినా. ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ. మిగతావోళ్ళూ లేండి. పావలా పోతాది. పోతాదని తెలిసే అడుగుదాం."

అప్పుడు చిన్నమ్మి నడుం పట్టుకుని మూలుగుతూ లేచింది. "పదండర్రా, ఎలాగూ పోయీదే. గుంట కోసమైనా పోనీ" అంది. ఆ వెనక ఒక్కొక్కరే లేచారు.

అంతమందిని చూసి సన్యాసిరావు గాభరాపడ్డాడు. విషయం వినగానే ఆయన చెయ్యి ఫోను మీదకి వెళ్ళిపోయింది. "అయ్యో, ఏడవకమ్మా జానకీ, నేనున్నాను కదా, ధర్మం చెయ్యడానికి..."

"దర్మం వద్దు బావూ" అంది పెద్దతల్లి. "మా డబ్బులు మీ కాడున్నాయి. అందులోంచి కట్టండి."

ఆయన చెయ్యి ఫోను మీదే ఆగిపోయింది. "మీ డబ్బులా?"

ఇప్పుడు ఈయనకి కోపం వచ్చి ఫోను పెట్టేస్తే అవతల పిల్ల చచ్చిపోతుంది. అది పెద్దతల్లికి తెలుసు. అయినా మొదలెట్టిన మాట మింగితే ఇంకెప్పుడూ ఈ మాట రాదని కూడా తెలుసు. "మా ఆయనకి కట్టినారు, మీ రునం ఉంచుకోను. అది పావలా పావలాగా వీళ్ళందరి కూలీలోంచీ మీకొచ్చేసి సానా కాలమయింది. అయినా ఇంకా పోతానే ఉన్నాది. ఇప్పుడు ఈ గుంటకీ అలగే కొయ్యండి, మేం కాదనం. మార్కెట్టని మాత్తరం సెప్పకండి. గుంట కోసమని సెప్పి కొయ్యండి. తీరిపోయినాక ఆపండి" అంది.

సన్యాసిరావు ముఖం కందగడ్డలా అయింది. అప్పన్న వైపు చూశాడు. అప్పన్న గోడ వైపు చూశాడు. "అంటే... నేను చేసిందేమీ లేదంటావా?" అన్నాడు షావుకారు. ఆ అడగడంలో పొగరు లేదు, నిజంగానే తెలియక అడిగినట్టుంది.

"అదేటి బావూ, లేకేం? పోను సేసినారు" అంది పెద్దతల్లి. "మేం సేత్తే ఆల్లు ఆపరేసను మొదలెట్టరు గదా."

సన్యాసిరావు కుర్చీలో కూర్చుని ఫోను తిప్పాడు. డాక్టరుతో ఈసారి ఎక్కువ మాట్లాడలేదు, "మొదలుపెట్టండి, డబ్బు వస్తుంది" అన్నాడు. జానకి చిట్టిబాబు వెంట రోడ్డు మీదకి పరిగెత్తింది.

మిగతావాళ్ళు షెడ్డుకి వచ్చి ఎవరి పీటల మీద వాళ్ళు కూర్చున్నారు. ఎవరూ పెద్దతల్లిని మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. జానకి పళ్ళెంలో మిగిలిపోయిన పప్పు తలా కాస్త పంచుకుని, ఆవిడ పేరునే తూకం వేయించాలని పొర తీయడం మొదలుపెట్టారు.

పొద్దు వాలే ముందు అప్పన్న వచ్చాడు. "తల్లీ పిల్లా ఇద్దరూ బతికినారట. ఆడగుంట" అన్నాడు. ఎవరో దండం పెట్టుకున్నారు. అప్పన్న అక్కడే నిలబడి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "శనివారం నుంచి కిలోకి ఇంకో పావలా. కళ్యాణి ఆసుపత్రి కోసమని సెప్పమన్నారు. తీరిపోయినాక ఆపుతారట."

"మరి గున్నయ్య పావలా? తీరిపోయింది గదా?" అంది చిన్నమ్మి.

"దాని సంగతేటీ సెప్పలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు, అది అంటుకుని షెడ్డంతా నవ్వు. ఏడవడానికి ఓపిక లేక నవ్వే నవ్వు. అందులో పెద్దతల్లి గొంతు కూడా ఉంది. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు అక్కడ విని.

"సాల్లే, తూకం వెయ్యి అప్పన్నమావా" అంది పెద్దతల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "బస్సు ఎల్లిపోద్ది. రేపు గున్నయ్య పావలా సంగతి అడగడానికి మళ్ళీ బేగి రావాల."