సంగ్రహంలో లేని మాట

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో జ్ఞానమ్మ రాజమహేంద్రవరంలో పురుళ్లు పోసేది. పసిపిల్లల పెంపకం మీద తనకు తెలిసిందంతా రాసి, పెద్ద పుస్తకంగా అచ్చు వేయించింది. అది కొన్నవారు తక్కువ. తరువాత ప్రెస్సు యజమాని వీరబ్రహ్మం ఆమెను అడగకుండానే దాన్ని కుదించి, 'జ్ఞానమ్మ గారి గ్రంథ సంగ్రహం' అని చిన్న పుస్తకం వేశాడు. అది కాలవ పడవలెక్కి యానాం దాకా పోయింది.

జ్ఞానమ్మకు కోపం వచ్చినా ఊరుకుంది. ఒకనాడు యానాం నుంచి మరిడమ్మ అనే, చేపలు పట్టే పల్లెకారుల ముసలామె ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"కడుపునొప్పికి ఆవగింజంత నల్లమందు పెట్టమని మీ చిన్న పుస్తకంలో ఉందండి. మా అల్లుడు చదివి చెప్పాడు. నెలల పిల్లండి. నిద్దరోయింది. మళ్లీ లేవలేదు."

జ్ఞానమ్మ తన పుస్తకం తెరిచింది. ఏడాది నిండని బిడ్డకు నల్లమందు ఎంతమాత్రం పెట్టరాదన్న వాక్యం అందులో ఉంది. సంగ్రహంలో లేదు. ఆ మాటే చెప్పింది. మరిడమ్మ లేచి వెళ్లిపోయింది.

జ్ఞానమ్మ వకీలు దగ్గరకు వెళ్లింది.

"దావా నిలవదమ్మా," అన్నాడాయన. "హక్కు మీ వాక్యాలకే గాని అందులోని సంగతులకు కాదు. అతను మీ వాక్యం ఒక్కటీ ఎత్తుకోలేదు. కష్టపడి కుదించాడు. కోర్టు దాన్ని కొత్త పుస్తకంగానే చూస్తుంది."

"బిడ్డ పోయిందండి."

"దానికి ఈ చట్టంలో చోటు లేదమ్మా."

అక్కణ్ణుంచి నేరుగా ప్రెస్సుకు వెళ్లింది. సంగతి విని వీరబ్రహ్మం సంగ్రహం తెరిచి ఆ పేజీ చూశాడు.

"మీ వాక్యం ఉన్నదున్నట్టు వేస్తే నేరమన్నారండి. అన్నీ తిప్పి రాశాను. ఆ ఒక్కటీ ఎలా తిప్పినా మీ మాటలాగే ఉంది. భయపడి వదిలేశాను."

"నా మాటగానే వెయ్యండి. అనుమతి నేను రాసిస్తాను."

అతను ఆ వాక్యాన్ని చీటీలుగా అచ్చు వేసి ఇచ్చాడు. పుస్తకాలు ఎవరెవరు కొన్నారో మాత్రం అతనికీ తెలియదు. జ్ఞానమ్మ చీటీల మూట పట్టుకుని పడవెక్కింది. రేవు రేవునా దిగి, సంగ్రహం ఎవరింట్లో ఉందో అడిగి చీటీ ఇచ్చింది. కొందరు దాన్ని పుస్తకంలో అంటించుకున్నారు.

ఒక ఊళ్లో సుబ్బాయమ్మ అనే రైతు ఇల్లాలు చీటీ తిరిగి ఇచ్చేసింది.

"మా పుస్తకంలో జ్ఞానమ్మ గారు ఇలా రాయలేదండి."

"నేనే జ్ఞానమ్మనండి."

సుబ్బాయమ్మ ఆమెను ఎగాదిగా చూసి తలుపు దగ్గరగా వేసింది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

జ్ఞానమ్మ రేవుకు వెళ్లి, పడవను సాగిపొమ్మని చెప్పింది. తిరిగి వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది.