చుట్టూ నీళ్ళున్న ఊరు

ఇంతేనా ఆ మందుల పెట్టె, బడిలో నేను సుద్దముక్కలు దాచుకునే డబ్బాకన్నా కాస్త పెద్దది, అంతే, ఒళ్ళో పట్టేస్తుంది, ఒళ్ళోనే పెట్టుకున్నాడు కాంపౌండరు ఏడుకొండలు, దోనె ఊగినప్పుడల్లా రెండు చేతులతో పొదివి పట్టుకుంటున్నాడు, నాకు ఈత రాదండీ అని ఎక్కేటప్పుడే చెప్పాడు, వెనక నిలబడి గెడ వేస్తున్న అబ్బులు బావ పర్లేదండీ బాబూ, నడుంలోతే అన్నాడు, నడుంలోతు కాదు, వానలు వెనకబట్టినా కొల్లేరు ఇంకా నిండుగానే ఉంది, గెడ సగానికి పైగా మునుగుతోంది, అయినా బావ అలాగే అంటాడు, ఎదుటివాళ్ళ భయం తీర్చడం ఆయన అలవాటు, తన భార్య, మా దానమ్మక్కకి కూడా మొన్న అలాగే చెప్పాడు, ఇదే దోనెలో పడుకోబెట్టి, ఇదుగో గట్టు వచ్చేసింది దానమ్మా, గట్టెక్కితే బండి, బండెక్కితే ఏలూరు, ఏలూరులో పెద్ద డాక్టర్లు, ఇంకెంతసేపు అని, అక్క కళ్ళు అప్పటికే లోపలికి పోయాయి, వేళ్ళ చివర్లు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి, నేను తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే, మిషను స్కూల్లో చదివించింది ఆవిడే, మా జమ్ముగట్టు లంకలో బడి పెడతామని దొరసానిగారు అంటే మా చెల్లెలు దేవకుమారి చెబుతుందండీ పాఠాలు అని నన్ను ముందుకి నెట్టింది ఆవిడే, ఆ అక్క నా ఒళ్ళో గుక్కెడు నీళ్ళు అడుగుతోంది, గట్టు మీద మనుషులు కనిపిస్తున్నారు, సాయం పట్టడానికి వచ్చారనుకున్నాను.

కర్రలతో వచ్చారు, గుండుగొలను వైపు గట్టు మీద నలుగురైదుగురు తలార్లు, ఊరి కావలివాళ్ళు, దోనె వెనక్కి తిప్పండి అన్నారు, బావ గెడ పాతి నిలబడి, బాబూ, మనిషి పోయేలా ఉందండీ, కాస్త బండి దాకా అని చేతులు జోడించాడు, తిప్పమన్నామా లేదా అన్నారు, అందులో ఒకాయన మా వైపు చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు, వాళ్ళ పిల్లలున్నారు, వాళ్ళ ఊరుంది, భయపడ్డారు, భయపడని వాళ్ళెవరు అని నాకు నేనే చెప్పుకున్నాను, తిరుగుదారిలో అక్క ఒక్కసారి నా చెయ్యి నొక్కి, డాక్టర్లు మన లంకకి రారా చెల్లీ అంది, వస్తారక్కా, వాళ్ళకి ఇంకా తెలియలేదు, తెలిస్తే వస్తారు అన్నాను, అక్క తలూపింది, మేము రేవు చేరేలోపే పోయింది, తెలియలేదు కాబట్టి రాలేదన్న మాటతో పోయింది.

ఆ మాటతోనే ఇవాళ తెల్లారకముందే నేనూ బయల్దేరాను, అక్క కూతురు సలోమికీ కలరా పట్టుకుంది, పదిహేనేళ్ళ పిల్ల, ఇంకా ఎవరెవరి ఇళ్ళల్లోనో పట్టుకుంది, తెలియజెప్పాలి, అంతే కావలసింది, కాపలా లేనిచోటు చూసి బావ జమ్ముగడ్డిలోంచి దోనె తోసి నన్ను ఏలూరు వైపు గట్టున దింపాడు, నేను ఇక్కడే ఉంటాను దేవమ్మా, చెప్పిరా అన్నాడు, ఎవరి బండో ఎక్కి, ఆ తర్వాత నడిచి, మోకాళ్ళ దాకా బురద చీరతో హెల్తు ఆఫీసు ఎక్కడండీ అని అడుగుతూ పోతే, ఆఫీసులో ఎవరూ లేరు, అందరూ హాల్లో ఉన్నారమ్మా, ఆరోగ్య వారం కదా అన్నాడు బంట్రోతు.

ఆ హాలు, ఆ మట్టి ఈగ, బల్ల మీద దూడంత ఈగని చేసి పెట్టారు, రెక్కలకి మైనం కాగితం, కాళ్ళకి వెంట్రుకలు, పిల్లలు దాన్ని ముట్టుకుని నవ్వుతున్నారు, గోడల నిండా బొమ్మలు, నీళ్ళు కాచి తాగండి, బావిని శుభ్రంగా ఉంచండి, మాకు బావి ఏదీ, వేదిక మీద ఆరోగ్యవంతుడైన శిశువుకి వెండిగిన్నె ఇస్తున్నారు, హెల్తు ఆఫీసరు ఉమామహేశ్వరరావుగారు తెల్లటి కోటు, మెత్తటి గొంతు, మన జిల్లాలో ఈ ఏడు కలరా మాట వినబడలేదని గర్వంగా చెప్పగలను అన్నారు, జనం చప్పట్లు కొట్టారు, నేను కూడా, అవును, నా చేతులు కూడా ఒకసారి కలిశాయి, చూశావా, ఈయనకి తెలియనే తెలియదు అనుకున్నాను, నాకు సంతోషమే వేసింది, తెలియదు కాబట్టి ఇక చెప్తే చాలు, వేదిక దిగుతుంటే ఎదురెళ్ళి అయ్యగారూ, జమ్ముగట్టు లంక నుంచి వచ్చానండీ అన్నాను, ఆయన నా చీర వైపు చూసి, రండమ్మా, వరండాలోకి రండి, ఇలా కూర్చోండి అని తానే కుర్చీ లాగారు, అంత మర్యాద నాకు ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ జరగలేదు, గబగబా చెప్పడం మొదలుపెట్టాను, ఆయన చెయ్యెత్తి ఆపారు.

తెలుసమ్మా.

తెలుసమ్మా అన్నారు, మొదట్లోనే తెలిసింది మాకు, మీ పాస్టరుగారు కబురు పంపారు, గుండుగొలను మునసబూ రాశాడు, నాకు ఆ మాట చెవిలో పడింది కాని లోపలికి దిగలేదు, తెలిస్తే మరి రాలేదేం అని నేను అడగలేదు, ఆయనే చెప్పారు, చాలా ఓపిగ్గా, బడిలో నేను చిన్నపిల్లలకి లెక్క చెప్పినట్టు, కలరా సూదిమందు మనకి వచ్చేది కొంచెం, దాన్ని ఎక్కడ వాడాలన్నది పైనుంచి వచ్చే పాలసీ, రైలున్న ఊళ్ళు ముందు, యాత్రికులు ముందు, ఇప్పుడు ద్వారకా తిరుమలలో కల్యాణాలు, తాడేపల్లిగూడెం స్టేషనులో దిగినవాళ్ళందరికీ వేస్తున్నాం, అక్కడ అంటుకుంటే దేశమంతా పాకుతుంది, మీది చుట్టూ నీళ్ళున్న ఊరు, అక్కడి జబ్బు అక్కడే ఆరిపోతుంది, అందుకే దోనెలు గట్టుకి రాకుండా ఆపమన్నాం, ఆపమన్నాం అన్నారు, ఎవరండీ ఆపమన్నది అన్నాను, మేమే అమ్మా, ఆర్డరు నేనే వేశాను, మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకోగలరు, పదిమందిని కాపాడటానికి ఒకచోట కొంత నష్టం తప్పదు.

కొంత నష్టం, కోపం రాలేదు నాకు, అదే వింత, కోపం వస్తే నిలబడేదాన్ని, ఒళ్ళంతా చల్లబడిపోయింది, వరండా అవతల బండ్లు పోతున్నాయి, సోడా అమ్మేవాడు గోలీ కొడుతున్నాడు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, ఆయన మొహంలో దుర్మార్గం ఏదైనా ఉందేమోనని వెతికాను, లేదు, నిద్రలేని కళ్ళు, చేతి మీద సిరా మరక, ఆయనా మంచివాడే కాబోలు, గట్టు మీద మొహం తిప్పుకున్న ఆ తలారీ మంచివాడే, ఇంతమంది మంచివాళ్ళ మధ్యనుంచి అక్క తిరిగి వచ్చి నా ఒళ్ళో పోయింది, మమ్మల్ని మరచిపోయారనుకున్నాను ఇన్నాళ్ళూ, మరచిపోలేదు, కూర్చుని, ఆలోచించి, మా పేరు పలికి, వీళ్ళు పోయినా ఫర్వాలేదు అనుకున్నారు, కాఫీ తాగుతారా అమ్మా అన్నారు, వద్దండీ అన్నాను, ఎందుకో దణ్ణం కూడా పెట్టాను.

హాల్లోకి ఎందుకు తిరిగి వెళ్ళానో తెలియదు, కాళ్ళు తీసుకెళ్ళాయి, వెనక బెంచీ మీద కూర్చుంటే పక్కన వెండిగిన్నె గెలిచిన పిల్లాడి తల్లి, గుమాస్తాగారి భార్య అట, సీతాలక్ష్మి అని చెప్పింది, ఏవండీ, అలా వణుకుతున్నారేం, జ్వరమా అని నా చెయ్యి ముట్టుకుంది, ముట్టుకోకండమ్మా అన్నాను, మా లంకలో పంతులమ్మనండీ, అక్కడ కలరా, మా అక్క పోయింది అన్నాను, గట్టు మీద దోనెలు ఆపుతున్న సంగతీ చెప్పాను, ఆవిడ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని కాస్త జరిగింది, లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, లేచింది, వెళ్ళలేదు, నిలబడి ఆ హాలంతా వినేలా, ఏవండీ ఆఫీసరుగారూ, ఈ పంతులమ్మగారు చెప్పేది నిజమేనాండీ, కలరా లేదని మీరు ఇందాకే చెప్పారు కదండీ, మేము రోజూ అన్నం తినేది కొల్లేటి తామరాకుల్లోనండీ అంది, తలలన్నీ వెనక్కి తిరిగాయి, ముందు వరసలో ప్లీడరుగారెవరో, చెప్పండి సార్, నిజమేనా అన్నారు, ఇంకొకరు మా ఇంటికీ ఆ ఆకులేనండీ అన్నారు, ఉమామహేశ్వరరావుగారి మెత్తటి గొంతు తడబడింది, అబ్బే, కంగారు పడకండి, మనుషుల్ని పంపుతూనే ఉన్నాం అన్నారు, ఎప్పుడండీ అంది సీతాలక్ష్మి, ఇవాళేనమ్మా, ఇప్పుడే, ఏడుకొండలూ, బీరువా తాళం తియ్యి.

బీరువాలోనే ఉంది మందు, మట్టి ఈగ ఉన్న బల్లకి వెనక గదిలోనే ఉంది, ఆఫీసు బండి కూడా ఉంది, ఎద్దులు కూడా ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, కాలవ గట్టు వెంట బండి వస్తున్నంతసేపూ నేను ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాను, గట్టు మీద పెట్టెని చూడగానే బావ మొహం ఎలా విప్పారిందో, చెప్పానా దేవమ్మా, ఆళ్ళకి తెలవక గాని అన్నాడు, నేను దోనె ఎక్కి అటు తిరిగి కూర్చున్నాను.

పొద్దు వాలుతోంది, గూడబాతులు వరసగా నీళ్ళ మీంచి వెళుతున్నాయి, జమ్ము వెనక మా పాకలు, పొగ లేదు, ఎవరూ పొయ్యి వెలిగించలేదు, రేవులో మనుషులు నిలబడి ఉన్నారు, సలోమి ఉందా అని బావ దూరం నుంచే కేకేశాడు, ఉంది, ఉంది అన్నారు, ఏడుకొండలు బురదలోకి దిగి, పాకలోకి వంగి వెళ్ళి, నీళ్ళు కాయించి, చేతులు కడుక్కుని, సూదిని దీపం దగ్గర పెట్టి చూసుకుని, పెట్టెలోని ఉప్పుబిళ్ళలు కాచిన నీళ్ళలో కరిగించి నరంలోకి ఎక్కించాడు, నీళ్ళకి భయపడి పెట్టె పొదివి పట్టుకున్న చేతులు ఇక్కడ తడుముకోలేదు, మేమంతా చూస్తున్నాం, ఎండిపోయిన కాయలా ఉన్న ఆ మొహంలోకి, కళ్ళెదుటే, మనిషి తిరిగి వచ్చింది, కళ్ళు తెరిచి బావని చూసి అయ్యా అంది, చెయ్యి వెచ్చబడింది, ఇంత తేలికా, ఇంత తేలికైనదాన్నా మా అక్కకి ఇవ్వనిది, నాకు ఏడుపు రావలసింది, రాలేదు.

బావ బయటికి వచ్చి ఏడుకొండలు కాళ్ళు పట్టుకోబోయాడు, వద్దండీ, వద్దండీ అని ఆయన వెనక్కి జరిగాడు, ఆ ఆఫీసరుగారు చల్లగా ఉండాలి, తెలవక ఆలస్యమైంది గాని తెలిస్తే ఆగుతారా అలాంటి మారాజులు, అదే మా దానమ్మ కూడా అనుకుని పోయింది, ఏం దేవమ్మా అన్నాడు బావ, నా వైపు చూస్తున్నాడు, చుట్టూ సూది కోసం నిలబడ్డవాళ్ళూ చూస్తున్నారు, అవును బావా అంటే చాలు, ఒక్క మాట, ఆయన ఈ రాత్రి కాస్త నిద్రపోతాడు, అక్క నమ్మిందే ఆయనా నమ్ముతాడు, ఏడుకొండలు తల వంచుకుని సీసా మూత బిగిస్తున్నాడు, బిగిసిన మూతనే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు.

వాళ్ళకి ముందే తెలుసు బావా, అన్నాను.

మొదటినుంచీ తెలుసు, గట్టు మీద దోనెని ఆపమని ఆర్డరు వేసింది కూడా వాళ్ళే, మనది నీళ్ళ మధ్య ఊరు కాబట్టి మనం పోయినా ఫర్వాలేదనుకున్నారు, ఇవాళ పదిమందిలో ఒక తల్లి లేచి అడిగితే అప్పుడు బీరువా తీశారు, బావ ఏడుకొండలు వైపు తిరిగి, నిజమేనాండీ బాబూ అన్నాడు, నిజమేనండీ అన్నాడు ఆయన తలెత్తకుండా, బావ పాక గుంజకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు, ఆయన మొహం వరండాలో నా మొహం ఎలా ఉండి ఉంటుందో అలా అయిపోయింది, రక్తమంతా ఎటో పోయినట్టు, తన అరచేతుల వైపు చూసుకుని, దోనె వెనక్కి తిప్పింది నేనేనమ్మా, నా చేత్తోనే తిప్పాను అన్నాడు, తర్వాత, ఆ ఆర్డరు వేసినాయన ఏలూరులోనే ఉంటాడా అన్నాడు, ఉంటాడు బావా, ఆయనకి చెప్పినవాళ్ళు ఆ పైన ఉంటారు అన్నాను, పిల్ల లేచి నిలబడనీ, ఎల్దాం, అందరం ఎల్దాం, నలుగురూ ఉన్నప్పుడే అడుగుదాం అన్నాడు బావ, గట్టిగా కూడా అనలేదు, మామూలు గొంతుతోనే అన్నాడు, ఇన్నాళ్ళూ మా కష్టం వాళ్ళకి తెలిస్తే చాలనుకున్నాను, కాని వాళ్ళకి తెలియడంలో ఏమీ లేదు, వాళ్ళకి తెలుసన్న సంగతి మాకు తెలియాలి, అది తెలిసినవాళ్ళం వెళ్ళి అందరి ముందూ నిలబడాలి, అడిగేవాళ్ళు లేనన్నాళ్ళూ తెలిసినవాళ్ళు హాయిగా తెలిసే ఉంటారు.