మద్దిలేటి పాటించిన పురుడు

రండు బిడ్డలారా, చెంతకు జరిగి కూర్చుండి వినుడు. అది రోహిణీకార్తె. ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములగు నాపరాతిగుట్టలు కొలిమిలోని యినుమువలె నెర్రబారగా తృణమాత్ర హరితమునకును నోచుకొనని యా నేలపై ఎండమావులు మాత్రమే సజీవములై చలించుచుండెను. అట్టి మధ్యాహ్నమున గని యజమాని కూలీలను దూరముగా పంపకయే మందు పేల్పించుటచే ఉలి చేతబట్టియున్న ఉరుకుందు అను కూలి విరిగిపడిన చరియక్రింద సమాధియయ్యెను. వాని దేహమైనను వెలికి రాలేదు.

వాని యిల్లాలు ఈరమ్మ అప్పటికి నిండుచూలాలు. పెద్దల నెదిరించి పసుపుకొమ్ము కట్టించుకొనినదని అత్తింటివా రామెను గడప త్రొక్కనిచ్చినవారు కారు. పిమ్మట ఏరువాక పున్నమికి రెండునాళ్ల ముందు కొడుకు పుట్టెను. బిడ్డకై యామె దావా వేయగా ఆ యజమాని, వీనికి తండ్రి ఉరుకుందే యని ఋజువేమని యడిగించెను. ఋజువు లేనిచో పరిహారమును లేదు, బిడ్డకు తండ్రి పేరును లేదు. పోయినవాని యన్నయు సుంకులమ్మ గుడి పూజారియునగు మద్దిలేటి, యజమాని చూపిన మేస్త్రీపని యాశకు లొంగి బోనెక్కి, ఆ బిడ్డ తన తమ్ముని కొడుకు కాడని ప్రమాణము చేసి పలికెను. తోడబుట్టినవాడే అట్లనిన ఆ తల్లి యేమి కావలె? ఈరమ్మ బిడ్డను కొంగున కప్పుకొని నేల చూచుచు నిలిచెను.

ఆమె వకీలు కోపింపక గుడి ముచ్చట్లలోనికి దిగి, ఏరువాక పున్నమినాడు అమ్మవారి దీపము నీవేల పెట్టలేదని మెల్లగా నడిగెను. తన పూజకు వంక పెట్టినందుకు మద్దిలేటికి రోషము వచ్చెను.

"అప్పుడు మాకు పురుడు గదా సామీ. పురుట్లో గుడి మెట్టెక్కితే ఆ తల్లి ఊరుకుంటాదా?"

"ఎవరి పురుడు, మద్దిలేటీ?"

పురుడనునది తండ్రి వంశమువారికే కాని పరులకు సోకదు. ఆ యేట వారి వంశమున వేరొక బిడ్డ పుట్టనేలేదు. న్యాయాధిపతి యెదుట బొంకగలిగినవాడు అమ్మవారి యెదుట బొంక నోపక, ఈరమ్మ ప్రసవించెనని వినిన క్షణముననే గుడి తాళపుచెవి యొరులకిచ్చి యింట కూర్చుండెను. బోనుకొయ్యను పట్టుకొని తల వంచెను.

"మా ఉరుకుందు కొడుకుదే సామీ."

మరుసటి వేసవిలో తీర్పు వచ్చెను. బిడ్డకు తండ్రి పేరు దక్కెను గాని తండ్రి దక్కునా? ఆ సాయంకాలము ఈరమ్మ గనికి పోయి మగని కప్పిన బండపై బిడ్డ యరచేతిని ఆనించి, "మీ నాయన" అనెను. దినమెల్ల యెండకు కాగిన యా రాయి యింకను మనిషి యొడలివలె వెచ్చగా నుండెను. పసివాడు చేయి తీయలేదు.

ఆ చేతిని మరువకుడు బిడ్డలారా. నేను లేనినాడు మీ పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని వారికిని చెప్పుడు.