రేసు ప్యాడ్ల డబ్బా

వెంకటకృష్ణ డబ్బాను బల్ల మీద పెట్టాడు. అందులో రేసు ట్రాక్ మీద వాడే బ్రేక్ ప్యాడ్లున్నాయి.

"ఇవి బిగించేయండి ప్రకాశరావు గారూ. శనివారం చెన్నై బయల్దేరతాను. ఆదివారం ట్రాక్ మీద నా కారు."

రాజోలులో ప్రకాశరావు షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లయింది. వెంకటకృష్ణ అక్కడికి రావడం ఇదే మొదటిసారి. ప్రకాశరావుకు మాత్రం ఆ కారు తెలుసు. మూడేళ్ల కిందట తాటిపాక దగ్గర కాలువగట్టు మీద అది ప్రకాశరావు చెల్లెలు ఎలీసమ్మ స్కూటీని గుద్దింది. ఆమె టీచరు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. బ్రేకులు పట్టలేదని వెంకటకృష్ణ కోర్టులో చెప్పాడు. కేసు కొట్టేశారు. వెనక వరసలో కూర్చున్న ప్రకాశరావు వైపు అతను ఒక్కసారి కూడా చూడలేదు. కారు స్టేషను ఆవరణలో ఉన్నప్పుడు ప్రకాశరావు వంగి చూశాడు. ప్యాడ్లు సగం కూడా అరగలేదు.

"ఎటుగా వెళ్తారండీ?"

"సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేసి నరసాపురం. అక్కడ మావయ్యని పలకరించి అటునుంచటే."

రేసు ప్యాడ్లు వేడెక్కితేనే పడతాయి. రేవులో వరసలో అరగంట ఆగితే చల్లబడతాయి. అక్కడినుంచి కార్లను గోదావరి దాటించే పంటు మీదికి వాలు. ఏమీ చెప్పకుండా బిగిస్తే చాలు, కారు పంటు దాటి గోదావరిలో పడుతుంది. కానీ పంటు మీద ముందువైపు మనుషులు నిలబడతారు. చేపల బుట్టలవాళ్లు, సైకిళ్లవాళ్లు.

"ట్రాక్ మీద అందరూ ఒకేసారి పరిగెడతారాండీ?"

"లేదండీ. ఒక్కో కారునీ విడిగా వదులుతారు. టైము చూస్తారు."

"పక్క సీట్లోనో?"

"ఎవరూ ఉండరు. ఏం, మీరొస్తారేంటి?"

"నాకంత గుండె ఎక్కడిదండీ."

అతను వెళ్లాక ప్రకాశరావు రోడ్డు కార్లకు వేసే ప్యాడ్లు కొత్తవి తీసి బిగించాడు. ఇవి చల్లగా ఉన్నా పడతాయి. వరసగా గట్టిగా తొక్కి వేడెక్కిస్తే పట్టు వదిలేస్తాయి. డబ్బాను అలమారలో వెనక్కి తోశాడు.

సాయంత్రం వెంకటకృష్ణ సెంటరు దాకా నడిపి వచ్చాడు.

"అబ్బ, తొక్కగానే ఆగిపోయిందండీ! రేసువి రేసువే."

"ఆయ్" అన్నాడు ప్రకాశరావు.

రెండు నెలల తర్వాత వెంకటకృష్ణ ఆటోలో వచ్చాడు. చంకలో కర్ర ఉంది. ట్రాక్ మీద నాలుగో రౌండులో, మలుపు దగ్గర గోడను గుద్దాడు. తుంటి ఎముక విరిగింది.

"బ్రేకులు పట్టలేదండీ. ఒట్టు. పెడలు గట్టిగానే ఉంది, కారు ఆగలేదు. రేసు ప్యాడ్లకి అలా అవ్వదంటున్నారు. భయపడి తొక్కడం మానేసేనంట! ఒక్కడూ నమ్మట్లేదు. మీరైనా చెప్పండి."

ప్రకాశరావు చేతులు తుడుచుకున్నాడు.

"నేను ఎలీసమ్మ అన్నయ్యనండీ. కోర్టులో కూడా ఈ మాటే చెప్పేరు కదా. అప్పుడు నమ్మేరు."